ఇంట్లో తెలుగు మాట్లాడితే ప్రీ-కె (కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది బడి) ఫ్రీ అంట, నిజమేనా? (నార్త్ డాలస్)

ఫ్రిస్కో_నాన్న
మా బాబుకి ఆగస్టులో నాలుగు నిండుతాయి. ఇప్పుడు మాంటిస్సోరికి నెలకు 1,450 డాలర్లు కడుతున్నాం, ఏటా పెంచుతూనే ఉన్నారు. స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) ప్రీ-కె కోసం ఫోన్ చేస్తే ముందు జీతం అడిగారు, చెప్పగానే మీకు రాదు అని పెట్టేశారు. మా వీధిలోనే ఇంకో తెలుగు ఫ్యామిలీ ఉన్నారు, ఇద్దరూ మాలాగే ఐటీ. వాళ్ళ పాప మాత్రం అదే డిస్ట్రిక్ట్‌లో ఫుల్ డే ప్రీ-కెకి పైసా కట్టకుండా వెళ్తోంది. ఎలా అని అడిగితే "ఇంట్లో తెలుగే మాట్లాడతాం అని రాశాం, వచ్చేసింది" అన్నారు. ప్రాపర్టీ ట్యాక్స్ మేమూ అంతే కడుతున్నాం కదా! ఇదేం లెక్క? ఇక్కడ ఎవరికైనా అలా వచ్చిందా?

కావ్య_ప్లేనో
నిజమేనండి. మా పెద్దోడికి అలాగే వచ్చింది. మీరు ఫోన్‌లో జీతం దగ్గరే ఆగిపోయారు. జీతం ఒక దారి మాత్రమే, భాషది వేరే దారి. ప్లేనోలో బీటీ, ఐజాక్స్, పియర్సన్ అని చిన్నపిల్లల కోసమే మూడు బడులున్నాయి. వాడి క్లాసులో మాండరిన్, అరబిక్, స్పానిష్, తెలుగు మాట్లాడే పిల్లలంతా కలిసి కూర్చునేవాళ్ళు.

బందరు_బుల్లోడు
మావాడికి ఇంగ్లిష్‌లో వచ్చింది "స్కిప్ యాడ్" ఒక్కటే. అర్హత ఉన్నట్టేనా? 😀

టీచరమ్మ_డెంటన్
పబ్లిక్ ప్రీ-కెలోనే పని చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

టెక్సాస్‌లో ఉచిత ప్రీ-కె అందరికీ కాదు. సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్ళు నిండాలి, దానికి తోడు చట్టంలో చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి ఉండాలి. ఫ్రీ లేదా రెడ్యూస్డ్ లంచ్‌కి సరిపోయే ఆదాయం అందులో ఒకటి. అంటే ఫెడరల్ పావర్టీ లెవెల్‌కి (కేంద్రం పెట్టిన పేదరిక గీతకి) 185 శాతం లోపు, నలుగురున్న ఇంటికి ఏడాదికి సుమారు 60 వేల డాలర్ల లోపు అనుకోండి. ఇల్లు లేనివాళ్ళ పిల్లలు, ఫాస్టర్ కేర్‌లో ఉన్నవాళ్ళు, మిలిటరీలో పనిచేసేవాళ్ళ పిల్లలు కూడా వస్తారు. 2025లో క్లాస్‌రూమ్ టీచర్ల పిల్లల్నీ చేర్చారు. మనవాళ్ళకి పనికొచ్చేది ఇంకొకటి: ఇంగ్లిష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని పిల్లలు. దీనికి జీతంతో సంబంధం లేదు. నాన్న గారి జీతం ఎంతైనా అడగరు.

కానీ "తెలుగు అని రాస్తే వచ్చేస్తుంది" అనేది సగమే నిజం. రాస్తే వచ్చేది పరీక్ష. బడిలో చేర్చేటప్పుడు ఇచ్చే హోమ్ లాంగ్వేజ్ సర్వేలో ఇంట్లో ఏ భాషలు వాడతారు, పిల్లాడు ఇంట్లో ఏ భాషలు వాడతాడు లాంటివి అడుగుతారు. వాటిలో దేనికి ఇంగ్లిష్ కాక వేరే భాష రాసినా ప్రీ-లాస్ అని ఒక చిన్న పరీక్ష పెడతారు. బొమ్మలు చూపించి ఇదేంటి, అక్కడికి వెళ్ళి ఇది తీసుకురా, ఇలాంటివే. అందులో ఇంగ్లిష్ బాగా వచ్చని తేలితే ఆ దారి మూసుకుపోతుంది. రెండేళ్ళ నుంచీ డేకేర్‌కి వెళ్తున్న పిల్లలు చాలామంది పాస్ అయిపోతారు, ఫ్రీ సీటు రాదు. మీ పక్కింటి పాప అమ్మమ్మ దగ్గరో నాన్నమ్మ దగ్గరో పెరిగి ఉంటుంది, అవునా?

ఫ్రిస్కో_నాన్న
సరిగ్గా చెప్పారండీ. వాళ్ళ అమ్మమ్మ గారు ఇక్కడే ఉంటారు. మావాడు పద్దెనిమిది నెలల నుంచి డేకేర్. ఇంటికొచ్చాక మాతో తెలుగు, ఆడుకునేటప్పుడు వాడిలో వాడు ఇంగ్లిష్.

విజయ్_ఇర్వింగ్
టెస్ట్‌కి తీసుకెళ్ళేముందు నోరు విప్పొద్దని చెప్పండి, పని అయిపోతుంది. మా ఫ్రెండ్స్ ఇద్దరు ముగ్గురు అలాగే చేశారు.

ఓరుగల్లు_సుధ
నాలుగేళ్ళ పిల్లాడికి మనం నేర్పే మొదటి పాఠం ఇదా విజయ్ గారూ? టీచర్ ఆప్యాయంగా పలకరిస్తే బదులు చెప్పకు అని? ఏడాదికి పదిహేడు వేలు మిగిలితే మిగలొచ్చు. వద్దండీ అలాంటి పని.

టీచరమ్మ_డెంటన్
సుధ గారి మాటే నాదీ. ఇంకో సంగతి. ఆ పరీక్ష ఫలితం కాగితం మీద ఉండిపోతుంది. టెక్సాస్‌లో ప్రీ-కెలోగానీ కిండర్‌లోగానీ ఎమర్జెంట్ బైలింగ్వల్ (ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళు) అని నమోదైన పిల్లల్ని ఫస్ట్ గ్రేడ్ చివరి దాకా అందులోంచి తీయరు. కిండర్ నుంచి ఏటా టెల్పాస్ అని ఇంగ్లిష్ ఎంత వచ్చిందో చూసే పరీక్ష ఉంటుంది. ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లాడిని రానట్టు చూపిస్తే టీచర్ వాడికి రంగుల పేర్లు నేర్పుతూ కూర్చుంటుంది, వాడు విసుగెత్తి అల్లరి మొదలుపెడతాడు. నా క్లాసులో చూశాను ఇలాంటిది. నష్టపోయేది పిల్లాడే.

శ్రీను_సెలైనా
అందుకే అసలు తెలుగు అని రాయకండి అంటాను నేను. మా అమ్మాయి కిండర్‌లో చేరినప్పుడు అమాయకంగా తెలుగు అని రాశాం. పరీక్ష పెట్టారు, రెండు మార్కుల్లో పోయింది. అక్కడి నుంచి ఈఎస్ఎల్, అంటే ఇంగ్లిష్ సరిగా రానివాళ్ళకి విడిగా ఇంగ్లిష్ నేర్పడం. క్లాసులో అందరూ కథ వింటుంటే దీన్ని పక్కకి తీసుకెళ్ళేవాళ్ళు. ఇంటికొచ్చి "నాన్నా, నేను వెనకబడ్డానా?" అని అడిగింది. రెండోవాడికి రెండు ప్రశ్నలకీ ఇంగ్లిష్ అని రాసేశాను, ఏ గొడవా లేదు. మా వాట్సాప్ గ్రూప్‌లో అందరికీ ఇదే చెప్తున్నాను.

కావ్య_ప్లేనో
పాప అలా అడిగిందంటే బాధే శ్రీను గారూ. కానీ మీరు ఈఎస్ఎల్ వద్దని సంతకం పెట్టొచ్చు కదా, తల్లిదండ్రులకి ఆ హక్కుంది. టెల్పాస్ మాత్రం తప్పదు, పక్కకి తీసుకెళ్ళరు.

శ్రీను_సెలైనా
ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు కావ్య గారూ. చేతిలో పెట్టిన కాగితాలన్నిటి మీదా సంతకాలు పెట్టాం.

నిజాంపేట_టు_టెక్సాస్
శ్రీను గారి కోపం అర్థమవుతోంది. కానీ ఆయన సలహాతో ఒప్పుకోలేను, ఎందుకో పెద్దగానే రాస్తాను.

నేను 2009లో వచ్చాను. అప్పుడు మావాడి క్లాస్ ఫోటోలో మన పిల్లలు అక్కడొకరు ఇక్కడొకరు. ఇప్పుడు ఫ్రిస్కో ఐఎస్‌డీలో (ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో) ఆసియన్ పిల్లలే అన్నిటికంటే పెద్ద గుంపు, నూటికి నలభై దాటారు. రాష్ట్రం మొత్తం తీసుకుంటే ఆసియన్లు నూటికి ఐదుగురు, హిస్పానిక్ పిల్లలు సగానికి పైగా. అంటే మన చుట్టూ ఉన్న బడి టెక్సాస్ బడిలా లేదు. ఆ సంగతి మనం మరిచిపోతుంటాం.

ఆ "ఆసియన్" గడిలో ఎవరున్నారు? తెలుగువాళ్ళు, తమిళులు, గుజరాతీలు, చైనావాళ్ళు, కొరియావాళ్ళు, వియత్నాంవాళ్ళు, పాకిస్తానీలు అందరూ ఒకే టిక్కు. రేస్ లెక్కల్లో తెలుగు పిల్లాడు విడిగా ఎక్కడా కనపడడు. కనపడేది ఒక్క హోమ్ లాంగ్వేజ్ సర్వేలోనే. అక్కడ కూడా మనమే ఇంగ్లిష్ అని రాసేస్తే డిస్ట్రిక్ట్ దృష్టిలో మన భాష లేనట్టే.

దీనికి చట్టంలో విలువ కూడా ఉంది. టెక్సాస్‌లో ఒక డిస్ట్రిక్ట్‌లో ఒకే గ్రేడ్‌లో ఒకే భాష మాట్లాడే ఎమర్జెంట్ బైలింగ్వల్ పిల్లలు 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆ భాషలో బైలింగ్వల్ ప్రోగ్రామ్ (రెండు భాషల్లో చదువు) పెట్టాలి. స్పానిష్‌వాళ్ళు దశాబ్దాల పాటు పోరాడి తెచ్చుకున్నారు దీన్ని. మన పిల్లలు అంతమంది ఉండి కూడా వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారని ఇంగ్లిష్ అని రాస్తున్నాం.

టీచరమ్మ_డెంటన్
20 మంది నియమం నిజమే. కానీ ఆశలు పెంచుకోకండి. తెలుగులో చెప్పగలిగి సర్టిఫికేషన్ ఉన్న టీచర్లు లేరని డిస్ట్రిక్ట్‌లు రాష్ట్రాన్ని మినహాయింపు అడగొచ్చు, ఆ పిల్లల్ని ఈఎస్ఎల్‌లో పెట్టొచ్చు. మన ఆడపడుచులు ఎంతమందో హెచ్4 (హెచ్1బీ వాళ్ళ భార్యాభర్తలకిచ్చే వీసా) మీద ఇంట్లో కూర్చున్నారు, బీఎడ్‌లు చేసినవాళ్ళు కూడా. వాళ్ళకి వర్క్ పర్మిట్ ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

ఓరుగల్లు_సుధ
నేనే ఆ హెచ్4 బీఎడ్‌ని. హనుమకొండలో ఆరేళ్ళు సోషల్ చెప్పాను. ఇక్కడ పక్క బడిలో వాలంటీర్‌గా పుస్తకాలు సర్దుతున్నాను.

రమణ_లిటిల్ఎల్మ్
ఒక మాట అడుగుతాను, ఎవరూ తప్పుగా అనుకోకండి. ఇద్దరి జీతం కలిపి రెండు లక్షలు దాటినవాళ్ళం. ఐదు లక్షల ఇల్లు. ఈ ప్రీ-కె పెట్టింది ఇల్లు గడవనివాళ్ళ పిల్లలు వెనకబడకూడదని. మా ఆఫీస్ బిల్డింగ్‌లో క్లీనింగ్ చేసే ఆవిడ పిల్లాడూ, నా పిల్లాడూ ఒకే సీటుకి పోటీ పడటం న్యాయమేనా?

కావ్య_ప్లేనో
పోటీ లేదు రమణ గారూ. అర్హత ఉన్న నాలుగేళ్ళ పిల్లలు 15 మంది ఉంటే డిస్ట్రిక్ట్ ప్రీ-కె నడపాల్సిందే, అర్హులైన ప్రతి ఒక్కరినీ తీసుకోవాల్సిందే. మా వాడు చేరితే ఇంకొకరికి తలుపు మూసినట్టు కాదు. 2019లో హౌస్ బిల్ 3 అనే రాష్ట్ర చట్టం వచ్చాక ఆ నాలుగేళ్ళ పిల్లలకి ఫుల్ డే కూడా తప్పనిసరి చేశారు.

టీచరమ్మ_డెంటన్
సీటు లెక్కలో కావ్య గారిది కరెక్ట్. డబ్బు లెక్కలో రమణ గారి బాధలో నిజముంది. ఫుల్ డే నడపమన్న రాష్ట్రం హాజరు లెక్కన ఇచ్చేది సగం రోజుకే. మిగతా సగం డిస్ట్రిక్ట్ వేరే అలాట్‌మెంట్‌ల నుంచి సర్దుకోవాలి. పిల్లలు పెరిగేకొద్దీ సర్దాల్సింది పెరుగుతుంది. క్లాసుకి 22 మంది దాటకూడదని 2021 నుంచి ప్రీ-కెకి కూడా వర్తింపజేశారు, అది మంచి పని. కానీ ఒక టీచర్, ఒక ఎయిడ్‌తో 22 మంది నాలుగేళ్ళవాళ్ళంటే ఒకరోజు వచ్చి చూడండి.

నా అభిప్రాయం అడిగితే, డబ్బున్నవాళ్ళ పిల్లలు వచ్చినందుకు నాకెప్పుడూ బాధ లేదు. గువాటెమాలా నుంచి వచ్చిన పిల్లా, గుంటూరు పిల్లాడూ ఒకే ఇసుక తొట్టెలో కూర్చుని ఇద్దరికీ రాని ఇంగ్లిష్‌లో గొడవపడుతుంటే, అదే నా క్లాసులో నాకు నచ్చేది. నెలకు పదిహేను వందలు కట్టే చోట ఆ ఇద్దరూ కలవరు.

గోదారి_గట్టు
ఈ మాట చదివి మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడ కోనసీమలో అంగన్‌వాడీ టీచర్‌గా రిటైర్ అయింది. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే కేంద్ర పథకం) మొదలైనప్పటి నుంచీ మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటపాటలు, తిండి అన్నీ ఉచితమే. అయినా ఊళ్ళో కాస్త చేతిలో డబ్బాడేవాళ్ళు ఒక్కరు కూడా పిల్లల్ని అమ్మ దగ్గరికి పంపలేదు, టై కట్టి కాన్వెంట్ వ్యాన్ ఎక్కించేవాళ్ళు. అంగన్‌వాడీ అంటే కూలోళ్ళ పిల్లలది అని పేరు పడిపోయింది. అలా పేరు పడ్డాక గోడకి సున్నం లేదని, గుడ్లు రాలేదని అడిగే గొంతు ఊళ్ళో లేకుండా పోయింది. అమ్మ ఒక్కతే మండలాఫీసు చుట్టూ తిరిగేది.

అందుకే రమణ గారూ, మీ మంచితనం నాకు నచ్చింది. కానీ ఉన్నవాళ్ళు తప్పుకుంటే లేనివాళ్ళకి మేలు జరుగుతుందనుకోను. మన పిల్లలు కూడా అక్కడుంటే బడి గురించి అడిగేవాళ్ళు పెరుగుతారు.

రమణ_లిటిల్ఎల్మ్
ఇలా ఆలోచించలేదండీ. ఫుల్ డేలో సగానికి డబ్బు రాదన్న దానిమీద రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో అడగాలి మరి మనం.

అట్లాంటా_అన్న
జార్జియాలో ఈ తలనొప్పే లేదు. లాటరీ టికెట్ల డబ్బుతో 1990ల నుంచీ నాలుగేళ్ళ పిల్లలందరికీ ప్రీ-కె, జీతం అడగరు, భాష అడగరు. ప్రైవేట్ సెంటర్లలో కూడా ఈ సీట్లుంటాయి. కాకపోతే సీట్లు పరిమితం. మా కమింగ్ ఊళ్ళో పేర్లు డ్రా తీస్తారు, వెయిటింగ్ లిస్ట్‌లో ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు.

బే_ఏరియా_శిరీష
ఇలాంటి నాలుగేళ్ళ పిల్లల బడిని కాలిఫోర్నియాలో టీకే (ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్) అంటారు. కొన్నేళ్ళుగా వయసు గడువు కొద్దికొద్దిగా జరుపుతూ వచ్చి, 2025-26 నుంచి సెప్టెంబర్ 1కి నాలుగు నిండిన ప్రతి పిల్లకీ తెరిచారు. మా ఫ్రీమాంట్‌లో మనవాళ్ళంతా అందులోనే. తెలుగు అని రాయాలా వద్దా అనే భయం మాత్రం ఇక్కడా అంతే!

విజయ్_ఇర్వింగ్
అందరూ నా మీద పడ్డారు కదా, ఇది కూడా చెప్పండి. హెచ్1బీ మీద ఉండి ఫ్రీ ప్రీ-కె తీసుకుంటే రేపు గ్రీన్‌కార్డ్‌కి పబ్లిక్ ఛార్జ్ (ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్ళు) అని అడ్డు పడదా?

నిజాంపేట_టు_టెక్సాస్
పబ్లిక్ ఛార్జ్‌లో చూసేది ప్రభుత్వం ఇచ్చే నగదు సాయం లాంటివి. బడి చదువు ఆ లెక్కలోకి రాదు. టెక్సాస్ టైలర్ ఊరి నుంచి వెళ్ళిన ప్లైలర్ కేసులో 1982లో సుప్రీంకోర్టు కాగితాలు లేని పిల్లలకి కూడా పబ్లిక్ స్కూల్ తలుపు మూయకూడదంది. మీరు కాగితాలన్నీ ఉండి భయపడుతున్నారు. మీ కేసులో ప్రత్యేకంగా ఏదైనా ఉంటే లాయర్‌ని అడగండి.

లక్ష్మి_మెకిన్నీ
ఇందాకటి నుంచి రాయాలా వద్దా అనుకుంటూ చదువుతున్నాను. భాష, జీతం కాక మూడో దారి ఒకటుంది, దాని గురించి మనవాళ్ళు నోరు విప్పరు.

మా బాబుకి మూడేళ్ళు దాటినా రెండు మాటలు కలిపేవాడు కాదు. ఇండియా నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "రెండు భాషలు వింటున్నాడు కదా, అందుకే ఆలస్యం. మగపిల్లలు లేటుగానే మాట్లాడతారు" అన్నారు. తెలుగు మానేయండి అని కూడా సలహా ఇచ్చారు. ఒక తెలుగావిడ, స్పీచ్ థెరపిస్ట్, గుడిలో చూసి చెప్పింది: రెండు భాషల వల్ల మాటలు ఆగవు, పిల్లాడికి రెండింట్లోనూ మాటలు తక్కువ ఉంటే చూపించుకోవాలి, తెలుగు మాత్రం ఆపొద్దు అని.

మూడేళ్ళు నిండిన పిల్లలకి ఇబ్బంది ఉందని అనుమానం వస్తే పరీక్షించే బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌దే, ఫెడరల్ చట్టం. మూడేళ్ళలోపైతే ఈసీఐ (ఎర్లీ చైల్డ్‌హుడ్ ఇంటర్వెన్షన్) అనే రాష్ట్ర కార్యక్రమం చూస్తుంది. రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో కాదు. మీరు ఒప్పుకుంటూ సంతకం పెట్టాక టెక్సాస్‌లో 45 స్కూల్ దినాల్లో రిపోర్ట్ ఇవ్వాలి. తర్వాత ఆర్డ్ మీటింగ్, అంటే పిల్లాడికి స్పెషల్ ఎడ్యుకేషన్ అర్హత ఉందో లేదో తేల్చే మీటింగ్, అందులో మీరూ సభ్యులే. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు, మా అత్తగారి కోసం మేము అడిగాం, ఇచ్చారు. అర్హత తేలితే బడి ఉచితం, జీతం ప్రశ్నే లేదు.

ఇప్పుడు మావాడు ఆగకుండా మాట్లాడతాడు, రెండు భాషల్లోనూ. ఆ మొదటి ఆరు నెలలు "లోకం ఏమనుకుంటుందో" అని దాచుకున్నాను చూడండి, ఆ టైమ్ వాడికి దక్కాల్సింది. ఎవరైనా అదే స్థితిలో ఉంటే దయచేసి ఆగకండి.

ఓరుగల్లు_సుధ
లక్ష్మీ, రాసి చాలా మంచి పని చేశావు. మా చెల్లెలి పాప గురించి నీకు మెసేజ్ పెట్టాను, చూడు.

శ్రీను_సెలైనా
లక్ష్మి గారి పోస్ట్ మా గ్రూప్‌లో పెడతాను, పేరు లేకుండా. అభ్యంతరం లేదు కదా?

లక్ష్మి_మెకిన్నీ
పెట్టండి.

ప్రాస్పర్_పక్కన
డెమోగ్రాఫిక్స్ మాట వచ్చింది కాబట్టి. ఇన్నాళ్ళూ "మనవాళ్ళు వచ్చారు, స్కూళ్ళు నిండిపోయాయి" అనేవాళ్ళు. ఇప్పుడు ఖాళీ అవుతున్నాయి. ప్లేనోలో పిల్లలు తగ్గిపోయారని 2024 జూన్‌లో బోర్డు ఓటేసి ఆర్మ్‌స్ట్రాంగ్, కార్పెంటర్ మిడిల్ స్కూళ్ళు, డేవిస్, ఫోర్‌మన్ ఎలిమెంటరీలు మూసేసింది. ఫ్రిస్కోలో స్టేలీ మిడిల్ స్కూల్ 2025లో ఆఖరు. ఇళ్ళ రేట్లకి చిన్నపిల్లలున్న జంటలు అక్కడ కొనలేక మా వైపు ప్రాస్పర్, సెలైనా, ప్రిన్స్‌టన్ వస్తున్నారు. పిల్లలు పెద్దవాళ్ళైపోయినవాళ్ళేమో ఇల్లు అమ్మరు. మా దగ్గర కొత్త బిల్డింగ్ కట్టేలోపే పోర్టబుల్ గదులు దిగుతున్నాయి.

నిజాంపేట_టు_టెక్సాస్
నేను అమ్మని ఆ ఇంటివాళ్ళలో ఒకడిని. పిల్లలిద్దరూ కాలేజీ. కానీ ఈ లెక్కలో ప్రీ-కె పెద్ద విషయం. నాలుగేళ్ళప్పుడు పబ్లిక్ బడిలో అడుగుపెట్టిన పిల్లాడు కిండర్‌కి అక్కడే ఉంటాడు. ప్రైవేట్‌కి అలవాటైనవాడు ఛార్టర్‌కో ఇంకెక్కడికో పోతాడు. రాష్ట్రం డబ్బిచ్చేది హాజరుని బట్టి. పిల్లలు తగ్గుతున్న డిస్ట్రిక్ట్‌లు అర్హత లేనివాళ్ళకి కూడా ఫీజు తీసుకుని ప్రీ-కె ఎందుకు పెడుతున్నాయనుకున్నారు?

ఫ్రిస్కో_నాన్న
ఫీజుతో కూడా ఉందా? ఆ ఫోన్‌లో ఆ మాటే చెప్పలేదు!

కావ్య_ప్లేనో
చాలా డిస్ట్రిక్ట్‌ల్లో ఉంది. అదే టీచర్లు, అదే బడి. మాంటిస్సోరి ఫీజు కంటే తక్కువే పడుతుంది సాధారణంగా. మీ డిస్ట్రిక్ట్ సైట్‌లో ట్యూషన్ ప్రీ-కె అని చూడండి. పుట్టినతేదీ సర్టిఫికెట్, టీకాల కాగితం, మీ పేరున కరెంటు బిల్లు లేదా లీజ్ దగ్గర పెట్టుకోండి. వేసవి దాకా ఆగకండి, రిజిస్ట్రేషన్ వసంతంలోనే తెరుస్తారు.

ఫ్రిస్కో_నాన్న
అప్‌డేట్. ఈసారి ఫోన్ కాదు, నేరుగా వెళ్ళాం. భాష దారిలో అప్లై చేస్తాం అంటే సర్వే ఇచ్చారు. ఇంట్లో వాడేది తెలుగు అని రాశాం, నిజం కాబట్టి. పిల్లాడు వాడేవి అన్న చోట మా ఆవిడా నేనూ అక్కడే కూర్చుని చర్చించుకుని తెలుగు, ఇంగ్లిష్ రెండూ రాశాం, అదీ నిజమే. పరీక్షకి వచ్చే వారం రమ్మన్నారు. వాడికి బొమ్మల ఆట ఉంటుందని మాత్రం చెప్పాం. పాస్ అయితే ట్యూషన్ సీటుకి పేరిచ్చి వచ్చాం, మాంటిస్సోరిలో నోటీస్ ఇచ్చేస్తాం. టీచరమ్మ గారికీ కావ్య గారికీ థాంక్స్.

టీచరమ్మ_డెంటన్
చాలా సంతోషం. ఆ రోజు కడుపునిండా తినిపించి తీసుకెళ్ళండి, నిద్ర టైమ్‌లో అపాయింట్‌మెంట్ వద్దనండి.

శ్రీను_సెలైనా
టీచరమ్మ గారూ, మా రెండోవాడికి ఇంగ్లిష్ అని రాశాను కదా, ఇప్పుడు మార్చొచ్చా?

టీచరమ్మ_డెంటన్
చేరిన రెండు వారాల్లోపు, అదీ పరీక్ష పెట్టకముందు అయితేనే తల్లిదండ్రులు దిద్దుకోవచ్చు. మీది దాటిపోయింది. ఇంట్లో తెలుగు మాత్రం ఆపకండి. అమ్మాయి ఈఎస్ఎల్ గురించి బడికి వెళ్ళి అడగండి, గదిలోంచి బయటికి తీసుకెళ్ళకుండా క్లాసులోనే చెప్పే పద్ధతీ ఉంది.

కొత్తగా_వచ్చా
మా పాప సెప్టెంబర్ 3న పుట్టింది. రెండు రోజులే కదా తేడా, ఈ ఏడాది ఒప్పుకుంటారా?

కావ్య_ప్లేనో
ఒప్పుకోరండి, సెప్టెంబర్ 1 అంటే 1. మూడేళ్ళ పిల్లలకి ప్రీ-కె మీ డిస్ట్రిక్ట్‌లో నడుపుతున్నారేమో అడగండి, కొన్నిచోట్ల ఉంది. ఏ డిస్ట్రిక్ట్ మీది?